కాటా మీద బొటనవేలు

ఇంగ్లండ్‌లో గుర్రప్పందేల ఊరైన న్యూమార్కెట్‌లో జాకీ ఆల్బీ స్టెబింగ్ కన్నా అతని కుడికాలి బొటనవేలికే పేరెక్కువ.

పందేల మైదానంలో జాకీలు బట్టలు మార్చుకునే గది మూల ఒక పాత కాటా ఉండేది. అసలు తూకం పక్క హాల్లో, అధికారి ఎదుట, కుర్చీ కాటాలో జరుగుతుంది. ప్రతి గుర్రానికీ అది మోయవలసిన బరువు ముందే నిర్ణయమై ఉంటుంది. మనిషీ జీనూ కలిసి అంతే తూగాలి. మూల కాటా మాత్రం ఆ గండానికి ముందు ఎవరికి వారు చూసుకుని గుండె దిటవు చేసుకోవడానికి. కొత్తగా వచ్చిన జాకీ ఎవడో వారం రోజులు కడుపు మాడ్చుకుని, జీను చంకలో ఇరికించుకుని, ఊపిరి బిగబట్టి దానిమీదికి ఎక్కేవాడు. సరిగ్గా అప్పుడే ఆల్బీ అటుగా వచ్చేవాడు. తన ఇంటి ముందు గులాబీలకు పట్టిన చీడ గురించి ఎవరితోనో మాట్లాడుతూ, చూపు కిటికీ మీద నిలిపి, కాటా పలక అంచుకి బొటనవేలు ఆనించేవాడు. ముల్లు రెండు పౌండ్లు ముందుకు జరిగేది.

ఎక్కినవాడి మొహంలో నెత్తురుచుక్క ఉండేది కాదు. ఉన్న స్వెట్టర్లన్నీ తొడుక్కుని మైదానం చుట్టూ పరుగెత్తేవాడు. వేడినీళ్ళ తొట్టిలో మునిగేవాడు. ఆఖరికి అసలు కాటాలో కూర్చుంటే అధికారి కళ్ళజోడు పైకి జరిపి, "ఏమయ్యా, రెండు పౌండ్లు తక్కువున్నావ్. జీనులో సీసం బిళ్ళలు పెట్టుకుని రా" అనేవాడు. అప్పుడు గదంతా గొల్లున నవ్వేది. ముందుగా ఎవరూ చెప్పకూడదు. అది అక్కడి ధర్మం. ఆ వేలి దెబ్బ తిన్నవాడికే ఆ గది బెంచీ మీద చోటు.

మాసీ టియర్నీ ఐర్లండ్ నుంచి వచ్చిన కొత్తల్లో ఆ దెబ్బ తిన్నాడు. ఆగస్టు ఎండలో రబ్బరు కోటు వేసుకుని పరుగెత్తి, మరుగుదొడ్డి గుమ్మంలో స్పృహ తప్పి పడ్డాడు. మొహాన నీళ్ళు కొడితే కళ్ళు తెరిచి, పైన వంగి ఉన్న ఆల్బీని చూసి చాలా మర్యాదగా అన్నాడు:

"బదులు తీర్చుకుంటా గురూ. ఇవాళ కాదు. నీకు బాగా అవసరమైన రోజు చూసి."

ఆ తర్వాత ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు. మాసీ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆల్బీని తినేసేది. పదిహేనేళ్ళుగా అతను ఏ కాటా ఎక్కినా ముల్లు వంక తర్వాత, ముందు వెనక్కి చూసేవాడు. మందుల దుకాణంలో నాణెం వేసి ఎక్కే కాటా మీద కూడా. ఇతరుల నమ్మకంతో ఆడుకునేవాడికి దేవుడు పెద్ద శిక్షేమీ వెయ్యడు. వాడి నమ్మకాన్ని మాత్రం తీసి తన జేబులో వేసుకుంటాడు.

ఇక ఆల్బీ ఆకలి సంగతి.

పదహారో ఏట గుర్రాల శాలలో చేరినప్పటి నుంచీ అతను ఆకలితోనే ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రేషన్ పెట్టి ఇంగ్లండంతా కడుపు కట్టుకుంటుంటే, దేశం ఇన్నాళ్ళకు తన దారిలోకి వచ్చిందని అతనికి లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది. తర్వాత రేషన్ ఎత్తేశారు. జనం మళ్ళీ తినసాగారు. అతనొక్కడే మిగిలిపోయాడు. అన్నేళ్ళు ఒకే బాధతో కాపురం చేస్తే దానికి ఒక మొహం, ఒక గొంతు వస్తాయి. ఆల్బీ కడుపులో ఒక పెద్దమనిషి ఉండేవాడు. లావుగా, మెడకు తెల్లటి రుమాలు కట్టుకుని, ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉండేవాడు. ఎన్నడూ కోప్పడడు. అతనిలో భరించలేని గుణం అదే.

"ఈ పూట భోజనానికి ఏమిటండీ?" అని అడిగేవాడు.

"సగం గుడ్డు" అనేవాడు ఆల్బీ మనసులో.

"అలాగా. మిగతా సగం పెట్టకుండానే కోడి కాలం చేసిందాండీ?"

భార్య ఐవీకి ఈ పెద్దమనిషి సంగతి తెలియదు. ఐవీ వంట అమృతమని వీధంతా అనుకునేది. ఆ అమృతం ఇంటి గుమ్మం దాటి పక్కిళ్ళకు పోవడమే కానీ ఆల్బీ నోట్లోకి పోయింది తక్కువ. రోజూ అతను బల్ల దగ్గర కూర్చుని, ఆమె తింటుంటే చూసి, ద్రాక్షపండులో పావు వంతు నమిలి, "బాగుందే ఐవీ" అనేవాడు. ఏది బాగుందో ఆమె అడిగేది కాదు.

నలభై మూడేళ్ళు వచ్చాయి. చిన్నాచితకా పందేలు ఎన్నో గెలిచాడు. అక్టోబరులో సొంత ఊళ్ళోనే జరిగే, గుర్రం సత్తాను బట్టి బరువు వేసే పెద్ద హ్యాండికాప్ పందెం మాత్రం ఎన్నడూ గెలవలేదు. ఆ ఏడు గెలిచే గుర్రం దొరికింది. గోధుమ రంగు ఆడ గుర్రప్పిల్ల. యజమాని సగ్డెన్‌కు యార్క్‌షైర్‌లో కేకుల ఫ్యాక్టరీ ఉంది. ఆయన తన గుర్రాలన్నిటికీ తిండి పేర్లే పెట్టేవాడు. దీని పేరు 'సెకండ్ హెల్పింగ్', అంటే మారు వడ్డన. అది గెలిచినప్పుడల్లా ఎండు ద్రాక్ష దట్టించిన కేకు డబ్బా ఒకటి ఆల్బీ ఇంటికి వచ్చేది. "చీజ్ ముక్క పక్కన పెట్టుకుని తినాలోయ్. వట్టిగా తింటే కేకుకి అవమానం" అని సగ్డెన్ ప్రతిసారీ చెప్పేవాడు. ఐవీ ఆ డబ్బాలను వంటింటి పై అరలో పేర్చేది.

పిల్లకు కొరడా గిట్టదు. వెనక వెనకే ఉండి ఆఖర్న ఒక్కసారిగా దూసుకురావడం దానికి నేర్పినవాడు ఆల్బీయే. చెవిలో ఏదో ఒకటి చెబుతూ ఉండాలి, అంతే. ఏం చెప్పాలో తోచక, అతను తన పెద్దమనిషి దగ్గర విన్న భోజనాల వరస చెప్పేవాడు. వేయించిన బంగాళాదుంపలు, పుదీనా పచ్చడితో గొర్రె తొడ, వేడి వేడి ఆపిల్ పుడింగు. పుడింగు దగ్గరికి వచ్చేసరికి పిల్ల రెక్కలు కట్టుకునేది. దానికేం అర్థమయ్యేదో తెలియదు. బహుశా తన వీపు మీద ఉన్నవాడి ఆకలి దానికి సోకేదేమో.

పందెం వారంలో సోమవారం పొద్దున గుర్రాలను తిప్పి తెచ్చాక, శిక్షకుడు కెప్టెన్ లారిమర్ ఆల్బీని పక్కకు పిలిచాడు.

"స్టెబింగ్, పిల్లకి ఏడు స్టోన్ల ఏడు పౌండ్లు వేశారు."

"మంచి బరువు సార్." స్టోనుకి పద్నాలుగు పౌండ్లు. అంతా కలిపి నలభై ఎనిమిది కిలోలైనా కావు.

"గుర్రానికి మంచిదే. నీకు? ఒక్క పౌండు ఎక్కువ తూగినా టియర్నీ ఎక్కుతాడు. కాటా పక్కనే నిలబడి నేనే చూస్తాను."

"తూగుతాను సార్."

"ఎలా?"

"తినకుండా సార్."

"అది నువ్వు పదహారో ఏట నుంచీ చేస్తున్నదే కదయ్యా. ఇంకా మానడానికి ఏం మిగిలింది?"

మాసీ అదే పందెంలో కెప్టెన్ రెండో గుర్రం 'చర్చ్ మౌస్', అంటే తినడానికేమీ దొరకని చర్చి ఎలుక, దానిమీద ఎక్కాలి. పేరుకు తగ్గట్టే దిక్కులేని ముసలి గుర్రం. దానిమీద ఎవరికీ ఆశ లేదు. ఆల్బీ తప్పితే మాసీకి మంచి గుర్రం దక్కుతుంది. మాసీ శరీరం దేవుడు తీరిక వేళ చేసింది. పొద్దున్నే టీ దుకాణంలో ఆల్బీకి ఎదురుగా కూర్చుని రెండు గుడ్లు, నాలుగు బేకన్ ముక్కలు, కొవ్వులో వేయించిన రొట్టె లాగించి, వేళ్ళు నాక్కునేవాడు. బరువు మాత్రం ఔన్సు పెరిగేది కాదు.

"నువ్వు తినేదంతా ఎక్కడికి పోతుందిరా?" అన్నాడు ఆల్బీ, పాలు లేని టీ చల్లారబెట్టుకుంటూ.

"ఐర్లండ్‌కి గురూ. మా అమ్మకి పంపిస్తా."

"శనివారం ఆ పిల్ల మీద కన్నేశావటగా?"

"నేనెక్కడ వేశాను? కెప్టెన్ వేయించాడు." మాసీ రొట్టెతో ప్లేటు తుడిచాడు. "ఈ రొట్టె అంచు తినవూ? కరకరలాడుతోంది. వాసనైనా చూడు గురూ, వాసనకి బరువుండదు."

ఆ వారమంతా ఆల్బీ మూడు స్వెట్టర్లు వేసుకుని హీత్ మైదానంలో నడిచాడు. చర్మం ఉడికిపోయే నీళ్ళలో కూర్చున్నాడు. పెద్దమనిషి మొదటి రెండు రోజులూ అడిగిందే అడిగాడు. బుధవారం నుంచి చిత్రంగా మాట మానేశాడు. 'అలిగాడు' అనుకుని ఆల్బీ సంతోషించాడు. ఇన్నేళ్ళ యుద్ధంలో ఇది మొదటి విజయం.

అయినా బరువు తగ్గదు. శాలలో కాటా మీద రోజూ అదే ఎక్కువ. దానిమీద ఎండుగడ్డి మూటలు తూస్తారు కాబట్టి దానికి మతి పోయిందనుకున్నాడు. మందుల దుకాణం కాటా కూడా అదే మాట చెప్పింది. వెనక్కి తిరిగి చూస్తే అక్కడ దగ్గు మందు కొంటున్న ముసలావిడ ఒకతె ఉంది. ఆమె బూట్ల వంక ఆల్బీ చాలాసేపు అనుమానంగా చూశాడు.

ఇంకో చిన్న వింత. ఏనాడో యార్మత్‌లో గుర్రం మీద నుంచి పడి ముందు పళ్ళు పోగొట్టుకున్నాడు. కట్టుడు పళ్ళు రాత్రిపూట తీసి మంచం పక్క గ్లాసులో వేసి పడుకోవడం అలవాటు. ఈ మధ్య పొద్దున లేచేసరికి అవి నోట్లోనే ఉంటున్నాయి. నీరసంతో తియ్యడం మరిచిపోతున్నానని సరిపెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున ఐవీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమయ్యా, చీజ్ సగానికి సగం ఏమైంది?"

"ఎలుకేమో."

"ఎలుకైతే కొరుకుతుంది. ఇది చాకుతో కోసినట్టు తిన్నగా ఉంది. పై అరలో కేకు కూడా తరిగింది."

"పక్కింటివాళ్ళకి ఇచ్చి మరిచిపోయుంటావ్."

"పైగా ఈ ఎలుక తిన్న ప్లేటు కడిగి బోర్లిస్తోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ ఇంట్లో ప్లేటు కడిగిన మగప్రాణిని నేనింతవరకూ చూళ్ళేదు."

ఆల్బీ చెంచా కింద పెట్టాడు. "నేను తిన్నానంటావా? నేనా? నా జీవితంలో ఇంతకన్నా పెద్ద పందెం రాదు. ఆకలితో నాకు కళ్ళు తిరుగుతుంటే నన్ను దొంగంటావా?"

అతని కళ్ళలో నీళ్ళు చూసి ఐవీ గొంతు తగ్గించింది. "లేదులేవయ్యా. ఎలుకే. పెద్ద ఎలుక."

నిజానికి అతను అబద్ధం చెప్పలేదు. అతనికి తెలిసినంత వరకు అదే నిజం.

శనివారం సన్నగా వాన మొదలైంది. ఆల్బీ జాకీల గదిలో అడుగుపెట్టేసరికి అందరూ ఎందుకో ఒక్కసారిగా మంచివాళ్ళయిపోయారు. ఒకడు తువ్వాలు అందించాడు. ఇంకొకడు దారి ఇచ్చాడు. వాళ్ళ మొహాల్లో దాచుకున్న నవ్వు చూశాడు ఆల్బీ. పదిహేనేళ్ళ నాటి మాట ఆ గదిలో అందరికీ తెలుసు. 'బాగా అవసరమైన రోజు' అంటే ఈ రోజు కాక మరేది?

మూల కాటా దగ్గరికి జీను పట్టుకుని నడిచాడు. ఎక్కాడు. ముల్లు వణికి వణికి నిలిచింది. రెండు పౌండ్లు ఎక్కువ.

వెనక్కి తిరిగాడు. అడుగు దూరంలో మాసీ, చేతులు జేబుల్లో పెట్టుకుని, చర్చిలో కొవ్వొత్తిలా నిలబడి ఉన్నాడు.

ఆల్బీకి ఎంత హాయి కలిగిందంటే పకపకా నవ్వాడు. పదిహేనేళ్ళుగా ఎదురుచూసిన దెబ్బ వచ్చేసింది. ఇక రావలసింది ఏమీ లేదు.

"తియ్యరా వేలు."

"ఏ వేలు గురూ?"

"నేర్పినవాడికే నేర్పుతావా? ఆ మొహం పెట్టడం నేను కనిపెట్టిందే."

"మా అమ్మ మీద ఒట్టు. నా వేళ్ళు పదీ నా బూట్లలోనే ఉన్నాయి."

"మీ అమ్మ ఒంటి నిండా నీ ఒట్లేరా. పరుగెత్తి చొక్కా తడుపుకుంటాననుకున్నావా? నేను పరుగెత్తను. చూడు, ఇదిగో, కూర్చుంటున్నాను."

నిజంగానే బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఎవరో ఈల వేశారు. మాసీ మాత్రం నవ్వలేదు. బుర్ర గోక్కుని, జీనులకు తోలు పట్టీలు బిగిస్తున్న గాట్వర్డ్ వంక చూశాడు. గాట్వర్డ్ జాకీల బట్టలూ జీనులూ చూసే ముసలాయన. ఆ గదిలో తమాషాలు ఎన్ని చూశాడో, ఎముకలు విరగడాలు అన్ని చూశాడు. పట్టీ పక్కన పెట్టి లేచి వచ్చాడు.

"నాయనా ఆల్బీ, ఇంకోసారి ఎక్కు."

"నువ్వు కూడానా తాతా?"

"కాటాని గోడ దగ్గరికి జరుపుతాను. నీ వీపు గోడకి ఆనించి ఎక్కు. వెనక ఎవరూ ఉండరు. మిగతావాళ్ళంతా ఎదురుగా, ఆ గీత అవతల నిలబడతారు. ఒరేయ్, జరగండి."

అందరూ జరిగారు. ఆల్బీ ఇంకా నవ్వుతూనే ఎక్కాడు. ముల్లు వణికింది, నిలిచింది. రెండు పౌండ్లు ఎక్కువ.

గదిలో నవ్వు ఆగిపోయింది. ఆల్బీ గోడ వంక చూశాడు. వంగి కాటా కింద చూశాడు. గాట్వర్డ్ చెప్పుల వంక కూడా చూశాడు. ప్రపంచంలో ఎవరి వేలూ ఆ కాటా మీద లేదు. మోసం లేకుండా అంత ఒంటరిగా తూగడం అతనికి అదే మొదటిసారి.

"ఎంత టైముంది?" అన్నాడు.

"అరగంట కూడా లేదు. నువ్వు నవ్వుకుంటూ కూర్చున్నావ్" అన్నాడు మాసీ. "లే, పద."

తడిసిన జీనులు ఆరబెట్టే చిన్న గదిలో బొగ్గు పొయ్యి ఉంది. మాసీ, గాట్వర్డ్ కలిసి ఆల్బీని గుర్రపు కంబళ్ళలో చుట్టి పొయ్యి ముందు కూర్చోబెట్టారు. మాసీ బొగ్గు మీద బొగ్గు వేశాడు. ఆల్బీ జుట్టు కత్తిరించుకున్నాడు, గోళ్ళు తీసుకున్నాడు, మేజోళ్ళు విప్పేశాడు. ఇంకేం మిగిలింది? పళ్ళు. నోట్లో వేలు పెట్టి కట్టుడు పళ్ళు ఊడదీశాడు.

పళ్ళ అంగిలి కింద నల్లగా, ఉబ్బి, తళతళలాడుతూ ఒక ఎండు ద్రాక్ష అంటుకుని ఉంది.

ఆల్బీ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. కాసేపటికి దాని పక్కన సన్నటి చీజ్ తునక కూడా కనబడింది. చాకుతో కోసిన చీజ్. కడిగి బోర్లించిన ప్లేటు. నోట్లోనే ఉండే పళ్ళు. బుధవారం నుంచి అలక పూనిన పెద్దమనిషి.

అలక కాదు. తృప్తి. కడుపు నిండినవాడు మాట్లాడడు. తను కళ్ళు మూసుకోగానే ఆయన లేచి, మర్యాదగా పళ్ళు పెట్టుకుని, మెట్లు దిగి, సగ్డెన్ చెప్పినట్టే చీజ్ పక్కన పెట్టుకుని కేకు తిని, ప్లేటు కూడా కడిగి వచ్చి పడుకున్నాడు. కాటా మీద వేలు ఉన్న మాట నిజమే. అది బయటి నుంచి నొక్కలేదు, అంతే. ఇన్నేళ్ళూ వెనక్కి తిరిగి చూశాడు కానీ లోపలికి తిరిగి చూడాలని అతనికి తట్టలేదు.

"ఏంటి గురూ అది?" మాసీ వంగి చూశాడు.

"కేకు" అన్నాడు ఆల్బీ. పళ్ళు లేక ఆ మాట గాలిలా వచ్చింది. "నేనే తిన్నా. నిద్రలో. వారమంతా."

మాసీ ద్రాక్ష వంక, ఆల్బీ బోసి నోటి వంక మార్చి మార్చి చూశాడు. తర్వాత బొగ్గుల బుట్ట మీద కూలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు. "పదిహేనేళ్ళు గురూ! పదిహేనేళ్ళు ఆలోచించాను, నీకేం చెయ్యాలా అని. నీకు నువ్వు చేసుకున్నంత బాగా నేనెన్నడూ చెయ్యలేకపోయేవాణ్ణి."

బయటికెళ్ళిన గాట్వర్డ్ తలుపులోంచి తొంగిచూశాడు. "తూకానికి పిలుస్తున్నారు."

ఆఖరిసారి మూల కాటా ఎక్కితే ఇంకా పౌండున్నర ఎక్కువ ఉంది. ఆల్బీ మూడు వేళ్ళ వెడల్పు కూడా లేని జీను చేత్తో పట్టుకుని హాల్లోకి నడిచాడు. ఒక్క పౌండు చాలు, పిల్ల పోవడానికి. కుర్చీ కాటా పక్కన కెప్టెన్ లారిమర్ అన్నమాట ప్రకారం నిలబడి, ముల్లు మీదే కళ్ళు పెట్టి ఉన్నాడు. అధికారి బల్ల వెనక కలం పట్టుకుని కూర్చున్నాడు. ఆల్బీ వెనక వరసలో జీను ఒడిసిపట్టుకుని మాసీ ఉన్నాడు.

ఆల్బీ కుర్చీలో కూర్చుని జీను ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"కెప్టెన్ గారూ" అంది వెనక నుంచి మాసీ గొంతు, "ఈ ఏడు గులాబీలకి చీడ బాగా పట్టిందటగా?"

ఆ మాట ఎందుకొస్తుందో ఆ ఊళ్ళో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"ఏం వాగుతున్నావ్ టియర్నీ?" కెప్టెన్ తల తిప్పాడు. అధికారి కూడా కలం ఆపి చూశాడు.

కుర్చీ అడుగున ఏదో మెత్తగా ఆనింది. నొక్కలేదు. ఎత్తింది. తల్లి నిద్రపోతున్న పిల్లాడి తల కింద చెయ్యి పెట్టి ఎత్తినట్టు, కొంచెమే, పౌండున్నర మేర.

"ఏడు స్టోన్ల ఏడు" అన్నాడు అధికారి, ముల్లు చూసి రాసుకుంటూ. "సరిపోయింది. నెక్స్ట్."

కెప్టెన్ జీను అందుకుంటూ ఆల్బీని ఎగాదిగా చూశాడు. "తూగావ్. భేష్. మాట్లాడవేం?"

ఆల్బీ పెదవులు బిగించి తల ఊపాడు.

సగ్డెన్ ఎదురొచ్చి వీపు చరిచాడు. "గెలిస్తే ఈసారి ఒక డబ్బా కాదోయ్, పెట్టెడు!" ఆల్బీకి నోరు తెరిచే ధైర్యం లేదు. ఆయన దాన్ని ఏకాగ్రత అనుకున్నాడు.

పందెం ఆల్బీ అనుకున్నట్టే సాగింది, చివరిదాకా. వాన మొహాన కొడుతుంటే పిల్ల అందరి వెనకా బుద్ధిగా ఉంది. ఏటవాలు దిగగానే అతను దాని చెవి దగ్గరికి వంగి భోజనాల వరస ఎత్తుకున్నాడు. పళ్ళు లేక బంగాళాదుంపలు బుసబుసలయ్యాయి. గొర్రె తొడ ఈలయింది. అయినా పిల్ల చెవులు నిక్కించి కదిలింది. ఒక్కొక్కరినే దాటింది. పుడింగు దగ్గరికి వచ్చేసరికి ముందు ఎవరూ లేరు. ఇరవై ఏళ్ళుగా కలలో చూసిన ఖాళీ పచ్చిక అది, అంతా తనదే.

అప్పుడు కంచె పక్క నుంచి ముసలి చర్చ్ మౌస్ వచ్చింది. దానిమీద మాసీ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. అదనపు బరువు గుర్రానికి ఆఖరి పది బారల్లోనే తెలుస్తుంది. పిల్ల పోరాడింది, అడుగులు బరువయ్యాయి. గుర్రం తలంత తేడాతో మాసీ గెలిచాడు.

తిరిగి వచ్చి తూగినప్పుడు ముల్లు కాస్త ముందుకే నిలిచింది. అధికారి కిటికీలోంచి వాన వంక చూసి, "బాగా తడిశావయ్యా" అన్నాడు. తడిసిన బట్టలకు ఆ మాత్రం ఎక్కువను నియమాలూ ఒప్పుకుంటాయి. ఆల్బీ తల ఊపాడు.

గదిలోకి రాగానే పళ్ళు పెట్టుకుని మాసీని మూలకు లాగాడు.

"ఎందుకు ఎత్తావురా? ఎత్తకపోతే పిల్ల నీకే దక్కేది."

"దక్కేది. దాని చెవిలో ఏం చెప్పాలో నాకేం తెలుసు? నేనెక్కితే ఏ పదో స్థానంలోనో తెచ్చేవాణ్ణి." మాసీ బూటు విప్పి వేళ్ళు ఆడించాడు. "మా చర్చి ఎలుక ఆదివారం పొద్దున పరుగు తీస్తే నువ్వు చూళ్ళేదు. నేను చూశా. అది గెలవాలంటే పిల్ల పౌండున్నర ఎక్కువ మోస్తే చాలు. అందుకని నిన్ను ఎక్కించా."

"అంటే నాకు సాయం చేశావా, బదులు తీర్చుకున్నావా?"

"ఒకే వేలు గురూ. రెండు పనులకీ రెండు వేళ్ళెక్కడ తేను?"

ఆల్బీ కోపం తెచ్చుకుందామని లోపలంతా వెతికాడు. దొరకలేదు. దొరికింది నవ్వే.

గుమ్మం బయట సగ్డెన్ గొంతు వినబడింది. "రెండో స్థానమా! పేరుకి తగ్గట్టే వచ్చింది నా బంగారం! స్టెబింగ్ ఏడి? ఏడవద్దని చెప్పండి. కేకు పంపిస్తున్నా." గాట్వర్డ్ డబ్బా పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి మూత తీశాడు. ద్రాక్ష, దాల్చినచెక్క, వెన్న వాసన గదంతా కమ్ముకుంది. జాకీలందరూ తలలు తిప్పుకున్నారు, అలవాటు.

వెనకే కెప్టెన్ లారిమర్ తొంగిచూశాడు. "బాగా ఎక్కావ్ స్టెబింగ్. వసంతంలో పిల్ల మళ్ళీ పరుగెడుతుంది. ఇదే బరువుకి తూగగలవా?"

"తూగలేను సార్."

ఆ మాట అన్నది ఎవరా అని ఆల్బీయే ఆశ్చర్యపోయాడు. కెప్టెన్ తల పంకించి వెళ్ళిపోయాడు.

ఆల్బీ చాకు తీసుకుని అరచేతంత ముక్క కోశాడు. పగటి వెలుతురులో, కళ్ళు తెరుచుకుని, పదిమంది చూస్తుండగా కొరికాడు. ఇప్పుడు పెద్దమనిషి ఏమంటాడా అని ఎదురుచూశాడు. ఏమీ అనలేదు. లోపల బల్ల ముందు కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన లేచి తనలోనే కలిసిపోయాడని అర్థమై, నములుతూనే ఆల్బీ కేకు పట్టుకున్న తన వేళ్ళ వంక చూసుకున్నాడు.

"చీజ్ ఏదిరా?" అన్నాడు. "వట్టిగా తింటే కేకుకి అవమానం."

కేకు చేత్తోనే పట్టుకుని మూల కాటా దగ్గరికి వెళ్ళి ఎక్కాడు. వెనక బూట్ల చప్పుడు వినబడింది. ఒకరు కాదు, చాలామంది. ఎవరో గులాబీల గురించి మొదలెట్టారు. ఇంకెవరో చీడ అన్నారు. మాసీ నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు. ముల్లు ఎనిమిది దాటింది, తొమ్మిది దాటింది, పది దాటి పదకొండు దగ్గర ఊగుతూ ఆగింది.

పదకొండు స్టోన్లు. బస్సు డ్రైవర్ల బరువు. ఆదివారం పెళ్ళాం చేతి వంట తిని కుర్చీలో కునుకు తీసే మగవాళ్ళ బరువు. ఆల్బీ ఆ అంకె వంక చాలాసేపు చూశాడు, రైల్లో ఎదురు సీట్లో కూర్చున్న మనిషిని ఎక్కడో చూశానే అనుకున్నట్టు.

పదిహేనేళ్ళలో మొదటిసారి వెనక్కి తిరిగి చూడలేదు.

"ఎవడ్రా అది" అన్నాడు, నోటి నిండా కేకుతో. "ఇంకొంచెం నొక్కు."